ఇటలీవారి పేటయు, అపరాధ పరిశోధక నవలయు

విద్యార్థులారా,

మీలో అనేకులు అపరాధ పరిశోధక నవలలను చదువుచున్నారని నేనెఱుగుదును. బీజగణిత పుస్తకము మాటున దాచుకొని చదువువారును కలరు. వారిని మందలించుటకై ఈ వ్యాసము వ్రాయుటలేదు. ఆ నవలలలో ఒక తెగ కలదు. దానిని సరిగా చదువ నేర్చినవానికి చరిత్ర పాఠమును, నీతి పాఠమును ఒక్కమాఱే లభించును. అదియే చారిత్రక అపరాధ పరిశోధక నవల. దాని స్వభావమెట్టిదో, దాని నెట్లు చదువవలెనో, అమెరికా దేశమందలి ఇటలీవారి పేటను ఉదాహరణముగా గైకొని వివరించెదను.

1. ఈ నవల యొక్క లక్షణము

సామాన్య అపరాధ పరిశోధక కథలో ప్రశ్న యొక్కటియే: నేరము చేసినవాడెవడు? 1841వ సంవత్సరమున ఎడ్గార్ ఆలన్ పో అను అమెరికా రచయిత ప్రకటించిన కథతో ఈ సాహిత్యశాఖ ఆరంభమైనదని విమర్శకులు చెప్పుదురు. చారిత్రక నవలలో దీనికి రెండవ ప్రశ్న చేరును. ఆ కాలమున, ఆ వీధిలో, ఆ జనుల నడుమ, అట్టి నేరము జరుగుట ఎట్లు సాధ్యమయ్యెను? మొదటి ప్రశ్నకు జవాబును రచయిత తన బుద్ధిబలముచే కల్పించును. రెండవదానికి మాత్రము కల్పన చెల్లదు. చరిత్ర నడిగియే జవాబు తెచ్చుకొనవలెను.

విక్టోరియా థాంప్సన్ అను అమెరికా రచయిత్రి 2006లో ప్రకటించిన ‘మర్డర్ ఇన్ లిటిల్ ఇటలీ’ ఇట్టి నవల. 19వ శతాబ్దాంతమందలి న్యూయార్కు నగరము దానికి రంగస్థలము. కథానాయిక ఒక మంత్రసాని. ఇటలీ కుటుంబమునకు కోడలైన ఐరిష్ జాతి పడుచు బిడ్డను కని, కొలది కాలములోనే మరణించును. ఆ మరణము చుట్టును రెండు జాతుల వైరము రగుల్కొనును. పాఠకుడు హంతకుని వెదకుచు పోవుచుండగా, తనకు తెలియకయే ఆ పేటలోని వంటయిండ్లను, మేడమెట్లను, ఇఱుకు సందులను చూచివచ్చును. ఈ నవలల మేలు ఇదియే. అయితే నిజముగా ఆ పేటలో ఏమి జరిగెనో తెలిసికొనక చదువువానికి ఆ మేలు సగమే దక్కును. కావున ముందుగా ఆ పేటను చూతము.

2. ఆ పేట ఎట్టిది?

1880 మొదలు 1920 వఱకు సుమారు 40 లక్షలమంది ఇటలీవారు అమెరికాకు వలసపోయిరి. వారిలో అధికసంఖ్యాకులు దక్షిణ ఇటలీ, సిసిలీ ప్రాంతముల రైతుకూలీలు. 1861లో ఇటలీ ఏకరాజ్యమైనను, ఆ ప్రాంతముల బీదవారికి ఒనగూడిన లాభము స్వల్పము. భూమి కొలదిమంది కామందుల చేతులలో నుండెను. పన్నుల భారము హెచ్చెను. మలేరియా జ్వరము పల్లెలను పీడించెను. చేతనైనవాడెల్ల ఓడ యెక్కెను.

న్యూయార్కు రేవునందలి ఎల్లిస్ ద్వీపమున 1892 జనవరి 1వ తేదీన వలసదారుల పరీక్షాకేంద్రము తెఱవబడెను. అక్కడ పరీక్ష ముగించుకొని వచ్చినవారిలో పలువురు మన్‌హాటన్ దిగువభాగమున మల్బెరీ, మాట్, ఎలిజబెత్ అను వీధులను చేరిరి. నేపుల్సు ప్రాంతమువారు ఎక్కువగా మల్బెరీ వీధిలోను, సిసిలీవారు ఎలిజబెత్ వీధిలోను కాపురముండిరి. ఒక యూరివారందఱు ఒక యింటి వాటాలలోనే చేరుటయు కలదు. ఇవి ఐదారంతస్తుల ఇఱుకు మేడలు. లోపలి గదులనేకములకు కిటికీ యనునది లేదు. జేకబ్ రీస్ అను పత్రికారచయిత 1890లో ఛాయాచిత్రములతో ఒక గ్రంథమును ప్రకటించి ఈ దుఃస్థితిని లోకమునకు చూపెను. అటుపిమ్మట 1901లో, క్రొత్తగా కట్టు ఇండ్లకు గాలియు వెలుతురును ఉండితీరవలెనని న్యూయార్కు రాష్ట్రమున చట్టమేర్పడెను.

పురుషులు వీధులు త్రవ్విరి, భూగర్భ రైలుమార్గమునకు సొరంగములు తొలిచిరి, పండ్లబండ్లు నెట్టిరి, బూట్లు తుడిచిరి. స్త్రీలు ఇంటనే కూర్చుండి బట్టలు కుట్టిరి, కాగితపు పూవులను గుడ్డపూవులను చేసిరి. కూలీలను పనికి కుదుర్చువానికి ‘పద్రోనె’ అని పేరు. కోస్తా జిల్లాలనుండి మనవారిని రంగూనునకు కొనిపోయిన మేస్త్రీల మాట పెద్దలవలన వినియున్నవారికి ఈ పద్రోనె ఎవడో వేఱుగా చెప్పనక్కఱలేదు. ముందుగా బయానా ఇచ్చును, పని చూపును, పిమ్మట కూలిలో వంతు కోసికొనును.

3. నల్లచేయి

ఈ పేటలో కొంత ధనము కూడబెట్టిన రొట్టెల వర్తకునికో, చిల్లర కొట్టువానికో, వైద్యునికో ఒకనాటి యుదయమున జాబు వచ్చును. ఇంత సొమ్ము ఫలాని చోట నుంచవలెను, లేనియెడల ప్రాణము దక్కదు అని అందుండును. అడుగున నల్లని చేతిబొమ్మయో, కత్తియో, శవపేటికయో గీయబడియుండును. సొమ్మీయనివాని అంగడి యొద్ద బాంబు ప్రేలును, లేదా బిడ్డ మాయమగును. 1910లో జగద్విఖ్యాత గాయకుడైన ఎన్రికో కరూజోకు సైతము ఇట్టి బెదిరింపు జాబు వచ్చెను.

పత్రికలు దీనిని ‘నల్లచేయి’ అని పిలిచి, యొక మహాసంఘముగా వర్ణించినవి. నిజమునకు అది ఒక సంఘము కాదు. వేర్వేఱు చిన్న ముఠాలు ఒకే బొమ్మను, ఒకే పేరును వాడుకొనెను. ఇచ్చట మీరు గమనింపవలసిన దొకటి కలదు. ఈ నేరములకు ఎరయైనవారు ముఖ్యముగా ఇటలీవారే. అయినను పత్రికలు చదువు ఇతరజనులకు ఇటలీవాడన్న నేరస్థుడే యని తోచెను. దొంగచేత దోపిడి కాబడినవానికే దొంగ యని పేరు వచ్చెను.

4. పీపాలోని శవము

ఇక నవల కాక, నిజముగా జరిగిన యొక కథ వినుడు. 1903 ఏప్రిల్ 14వ తేదీ వేకువను, న్యూయార్కు తూర్పు 11వ వీధిలో నడిబాటప్రక్కన ఒక చెక్క పీపా కనబడెను. దానిలో గొంతుక కోయబడిన పురుషుని శవముండెను. పీపా అడుగున ఱంపపు పొట్టును, కొంత పంచదారయు నుండెను. మృతుడెవడో ఎవరికిని తెలియలేదు.

పరిశోధన మూడు త్రోవల నడిచెను. మొదటిది పీపా. దానిమీది గుర్తుల ననుసరించి పోలీసులు పంచదార వర్తకుల యొద్దకును, అక్కడనుండి ఎలిజబెత్ వీధిలోని యొక మిఠాయి అంగడికిని చేరిరి. రెండవది సర్కారు రహస్య విభాగమువారి కాపలా. దొంగనోట్లు చెలామణి చేయు జుసెప్పె మొరెల్లో ముఠాపై విలియం ఫ్లిన్ అను అధికారి నిఘా ఉంచియుండెను. హత్యకు ముందటి సాయంకాలము ఈ మృతుడు ఆ ముఠావారితో నుండగా ఫ్లిన్ మనుష్యులు చూచియుండిరి. ముఠావారు పట్టుబడిరి. తొమ్మాసో పెట్టో అనువాని జేబులో ఒక కుదువచీటీ దొరకెను. ఆ చీటీతో విడిపింపగా ఒక జేబుగడియారము వచ్చెను.

మూడవది మృతుని పేరు. దీనిని కనుగొన్నవాడు జోసెఫ్ పెట్రోసీనో అను ఇటలీజాతి డిటెక్టివు. అతడు మృతుని ఛాయాచిత్రమును తీసికొని సింగ్ సింగ్ జైలునకు పోయి, దొంగనోట్ల నేరమునకు శిక్షననుభవించుచున్న జుసెప్పె డి ప్రియేమో అనువానికి చూపెను. వాడు చూచి, ఇతడు తన అక్కచెల్లెండ్రలో నొకతె భర్తయనియు, బఫలో నగరవాసియైన బెనెడెట్టో మడోనియా యనియు చెప్పెను. గడియారమును మడోనియాదేయని తేలెను.

నవలయైనచో ఇక నొక్క అధ్యాయముతో ముగియవలెను. చరిత్రలో అట్లు జరుగలేదు. మరణవిచారణ జరిగిననాడు, ముందు గుర్తించినవారే తడబడసాగిరి. ఆ గడియారము వంటివి లోకమున అనేకములుండవచ్చుననిరి. డి ప్రియేమో తన బావను చంపినవారిపై ఒక్క మాటయు పలుకలేదు. సాక్ష్యము చాలనందున ఒకరి వెనుక నొకరుగా నిందితులందఱు విడుదలైరి. మడోనియాను చంపినందులకు నేటివఱకు ఎవనికిని శిక్ష పడలేదు. మొరెల్లోకు 1910లో 25 ఏండ్ల శిక్ష పడినది కాని, అది దొంగనోట్ల నేరమునకే.

5. సాక్షులు ఏల మాటలాడరైరి?

ఈ కథలో అసలు చిక్కు ఇచ్చటనే కలదు. పీపాను, గడియారమును, పటమును పరిశోధకులు ఛేదించిరి. ఛేదింపలేకపోయినది మౌనమును. దీనికి కారణములు నాలుగు చెప్పవచ్చును.

మొదటిది భయము. హంతకుడు అదే వీధిలో నుండును, పోలీసు జవాను సాయంకాలము తన యింటికి పోవును. రెండవది పూర్వానుభవము. దక్షిణ ఇటలీ బీదవానికి ప్రభుత్వమనగా పన్నులు గుంజునది, కొడుకును సైన్యమునకు పట్టుకొనిపోవునది. అధికారులకు ఏమియు చెప్పకుండుటే పౌరుషమని ఎంచు ఆచారమునకు సిసిలీలో ‘ఒమెర్తా’ అని పేరు. మూడవది భాష. న్యూయార్కు పోలీసులలో ఐరిష్‌వారు మెండు, ఇటలీ భాష తెలిసినవారు బహు కొలది. తన గోడు విన్నవానికి అర్థమే కానప్పుడు చెప్పుకొని ఫలమేమి? నాలుగవది అవమానము. ఒక్కడు నోరు తెఱచినచో మఱునాటి పత్రికలో వీధి యంతయు నిందల పాలగును.

మంచి చారిత్రక నవల ఈ నాలుగింటిని పాత్రల ప్రవర్తనలో చూపును. చవుకబారు నవల ‘ఇటలీవారు సహజముగా గుట్టు గలవారు’ అని ఒక్క వాక్యముతో దాటిపోవును. ఈ భేదమును కనిపెట్టుట నేర్చుకొనుడు. ఒక జాతి స్వభావమిట్టిదని చెప్పి ఊరకుండు రచయిత కారణము వెదకు శ్రమను తప్పించుకొన్నాడని తెలియుడు.

6. పెట్రోసీనో

ఆ మౌనమును భేదింప జీవితమంతయు పాటుపడినవాడు పెట్రోసీనో. 1860లో దక్షిణ ఇటలీయందలి పాదూలాలో పుట్టి, బాల్యముననే న్యూయార్కు చేరెను. బూట్లు తుడిచెను, వీధులూడ్చు ఉద్యోగము చేసెను, 1883లో పోలీసులలో చేరెను. 1895లో, నాడు నగర పోలీసు సంఘాధ్యక్షుడును తరువాత దేశాధ్యక్షుడునైన థియొడోర్ రూజ్వెల్టు ఇతనిని డిటెక్టివు పదవికి హెచ్చించెను. కొన్నియేండ్లకు ఇటలీ భాష తెలిసినవారితో నొక చిన్న దళము ఇతని క్రింద నేర్పడెను. బాధితుడు తన భాషలో తన వ్యథను చెప్పుకొనుటకు అప్పటికి ఒక చోటు దొరకెను.

1907 నాటి వలస చట్టము ప్రకారము, స్వదేశమున నేరము చేసివచ్చినవానిని మూడేండ్లలోపల వెనుకకు పంపవచ్చును. అందులకు కావలసిన పాత తీర్పుల నకళ్లను సంపాదించుటకై 1909లో పెట్రోసీనో రహస్యముగా ఇటలీకి పోయెను. ఆ రహస్యము అమెరికా పత్రికలో అచ్చుపడెను. మార్చి 12వ తేదీ రాత్రి సిసిలీలోని పలెర్మో నగరమున, మరీనా చౌకమునందు అతడు కాల్చి చంపబడెను. ఇంటివద్ద భార్యయు, కొలది నెలల పసికందును మిగిలిరి. ఏప్రిల్ 12వ తేదీన న్యూయార్కులో జరిగిన శవయాత్రను సుమారు 2 లక్షలమంది చూచిరని చెప్పుదురు.

ఈ హత్యకును శిక్ష లేదు. వీతో కాషో ఫెర్రో అను ముఠానాయకునిపై అనుమానముండెను. కాని ఆనాడతడు వేఱొక చోట నుండెనని సాక్ష్యము చెప్పబడగా విడువబడెను. 2014లో పలెర్మో పోలీసులు చాటుగా వినిన సంభాషణలో ఒకడు, తన పూర్వబంధువే ఆ పని చేసెనని గొప్పలు చెప్పుకొనెను. వందయేండ్ల కేసు తేలినదని పత్రికలు వ్రాసినవి. కాని గొప్పలు చెప్పుకొనుట వేఱు, రుజువగుట వేఱు.

7. తెలియనివారి తీర్పు

తెలిసినవారు మాటలాడకపోవుటవలన కలిగిన కీడును చూచితిమి. తెలియనివారు తీర్పు చెప్పుటవలన కలిగిన కీడును గూడ చూడవలెను. అందులకై న్యూయార్కు విడిచి, అంతకు పండ్రెండేండ్లు ముందునకు, అమెరికా దక్షిణమున నున్న న్యూ ఆర్లియన్సు రేవునకు పోవుదము. అచ్చటను సిసిలీవారి పేట యుండెను.

1890 అక్టోబరు 15వ తేదీ రాత్రి ఆ నగర పోలీసు అధిపతియైన డేవిడ్ హెన్నెస్సీని కొందఱు చీకటిలో కాల్చిరి. అతడు మఱునాడు మరణించెను. ఇటలీవారిపై నేరము మోపబడెను. 1891 మార్చి 13వ తేదీన, విచారింపబడిన తొమ్మిదిమందిలో ఆరుగురు నిర్దోషులని తీర్పు వచ్చెను. తక్కిన మువ్వురి విషయమున జూరీవారికి ఏకాభిప్రాయము కుదురలేదు. మఱునాడు ఉదయము వేలకొలది జనులు జైలుపై బడి తలుపులు పగులగొట్టి పదునొకండుగురను చంపిరి. వారిలో కొందఱు అంతవఱకు విచారణకే రానివారు. హంతకులలో ఒక్కనికిని శిక్ష పడలేదు. మఱుసటి సంవత్సరము అమెరికా ప్రభుత్వము ఇటలీకి 25,000 డాలర్లు పరిహారమిచ్చెను. న్యూ ఆర్లియన్సు నగరాధ్యక్షురాలు ఆ నగరము పక్షమున క్షమాపణ చెప్పినది 2019లో. హెన్నెస్సీని చంపినవారెవరో ఇప్పటికిని తేలలేదు.

ఆ జనసమూహము కోరినదేమి? కథకు ముగింపు. నవల చివరి పుటలో దొరకు నిశ్చయము తమకు వెంటనే దొరకవలెనని కోరిరి, దొరకకపోగా తామే కల్పించుకొనిరి. నవలాకారుడు కల్పించిన ముగింపువలన ఎవనికిని హాని లేదు. ఆ వీధిజనులు కల్పించుకొన్న ముగింపువలన పదునొక్క కుటుంబములు దిక్కులేనివయ్యెను.

8. ఈ నవలలను చదువు విధము

పైని చెప్పినదానినుండి మూడు సూత్రములను ఏర్పఱచుకొందము.

మొదటిది: చదువునప్పుడు చరిత్రను ఒక వరుసలోను, కల్పనను ఒక వరుసలోను వ్రాసికొనుడు. వీధిపేరు, చట్టము, సంవత్సరము మొదటి వరుసకు చెందును. పాత్రల సంభాషణ రెండవదానికి చెందును. సందేహమున్నవానిని గ్రంథాలయమున సరిచూచుకొనుడు.

రెండవది: సాక్షి మాటలాడకున్నచో, వాడు దుర్మార్గుడని వెంటనే తలంపకుడు. వాని నోరు మూసినదేదో వెదకుడు. భయమున్న చోట సాక్ష్యము పుట్టవలెనన్న ముందు అభయము పుట్టవలెను.

మూడవది: ఒకడు చేసిన నేరమును వాని వీధికి, భాషకు, కులమునకు అంటగట్టు రచయితను నమ్మకుడు. అట్టి మిత్రునిగూడ నమ్మకుడు.

ఈ మూడవ సూత్రమును నేను గ్రంథములో నేర్చుకొనలేదు. ఉద్యోగపు తొలి దినములలో నేనొక వసతిగృహమునకు పెద్దనుగా నుంటిని. ఒక బాలుని చేతిగడియారము పోయెను. ఆ నెలలోనే దూరపు పల్లెనుండి వచ్చిన క్రొత్త బాలునిపై అందఱి చూపులు పడెను. ‘ఆ యూరివారు అట్టివారే’ అని ఎవరో అనగా నేను వారింపలేదు సరికదా, వాని పెట్టెను పదుగురి ఎదుట విప్పించితిని. ఏమియు దొరకలేదు. అయినను నా అనుమానము తీరలేదు, వాడు నా ముఖమున దానిని చదివెను. మూడు వారములకు నూతిలో పూడిక తీయించునప్పుడు గడియారము బయటపడెను. అడుగకయే తీసికొని, స్నానమునకు పోయి జాఱవిడిచిన బాలుడొకడు, చూచిన స్నేహితుడొకడు దెబ్బలకు వెఱచి నోరు మెదపక యుండిరి. నేను జాబు వ్రాసితిని, స్వయముగా వాని యూరికిని పోతిని. వాని తండ్రి నన్ను గౌరవముగా కూర్చుండబెట్టి మజ్జిగ ఇచ్చెను. కాని బాలుడు మరల బడికి రాలేదు.

పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞను మీరందఱు కంఠస్థము చేసియున్నారు. చూచిన సంగతిని, ఎఱిగిన సంగతిని సాక్షియైనవాడు తెలియజేయనియెడల దోషియగునని లేవీయకాండములో నున్నది, దానిని మాత్రము తక్కువమంది చదువుదురు. రెండును ఒకే ధర్మమునకు రెండు చేతులు. మీరు ఇటుమీదట అపరాధ పరిశోధక నవల చేతబట్టినప్పుడు హంతకుని వెదకుడు, సంతోషమే. దానితోకూడ, ఆ వీధిలో నేనుండినయెడల తెలిసినది చెప్పియుందునా, తెలియనిదానిని చెప్పక యూరకుందునా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు.

అభ్యాసము

1. మడోనియా హత్య విషయమున పరిశోధకులు అనుసరించిన మూడు త్రోవలేవి? వానిలో ఏది మిక్కిలి ఉపయోగపడెనని మీ అభిప్రాయము?
2. సాక్షుల మౌనమునకు చెప్పిన నాలుగు కారణములలో ప్రభుత్వము తొలగింపగలవి ఏవి? ఇరుగుపొరుగువారు తొలగింపగలవి ఏవి?
3. ‘గొప్పలు చెప్పుకొనుట వేఱు, రుజువగుట వేఱు’ అను వాక్యమును మీ నిత్యజీవితమునుండి ఒక ఉదాహరణముతో వివరింపుడు. ఇందు ఎవరి పేరును వ్రాయకుడు.